వెయిటింగ్ లిస్టులో ఉక్కుపట్నం

దేశానికి రైలు పట్టాలు చేసిచ్చే భిలాయ్‌లో ఏటా జూన్, జూలై నెలల్లో పిల్లలు మరో రకం నిరీక్షణలో ఉంటారు. ఐఐటీ ఊళ్లోకే వచ్చినా ఆ క్యూ తరగలేదు.

జూన్ చివరికి భిలాయ్‌లో తొలకరి పడుతుంది. సెక్టార్ల రోడ్ల పక్కనున్న చెట్లు ఎండాకాలపు దుమ్ము కడుక్కుని నిలబడతాయి. మధ్యాహ్నం రెండు గంటలకు ఫస్ట్ షిఫ్ట్ దిగినవాళ్లు హెల్మెట్లు తీయకుండానే స్కూటర్ల మీద ఇళ్లకు బయల్దేరతారు. మామూలు రోజుల్లో అయితే వచ్చీ రాగానే భోజనం. సీట్ల కేటాయింపు ఫలితం వచ్చే రోజున మాత్రం కంచాలు పెట్టినవి పెట్టినట్టే ఉంటాయి. ముందుగదిలో ఫోన్ చుట్టూ ఇంటిల్లిపాదీ. తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతూ ఉంటుంది. పేజీ తెరుచుకుంటుంది, మూసుకుంటుంది, పాస్‌వర్డ్ మళ్లీ అడుగుతుంది. చివరికి కనిపించేది ఒక్క ముక్క: సీటు వచ్చింది కానీ కోరుకున్నది కాదు. లేదంటే ఈ రౌండులో సీటు లేదు.

ఈలోగా శ్రీకాకుళం నుంచో, బొబ్బిలి నుంచో ఫోను. "ఏటమ్మా, మీవోడికి ఎక్కడొచ్చిందేటి?" ఆ ప్రశ్నకు ఐదారు వారాల పాటు జవాబు ఒకటే. ఇంకా తెలీదు.

వెయిటింగ్ లిస్ట్ అనే మాటను దేశంలో ప్రతి ఇంటికీ నేర్పింది రైల్వేలు. ఆ రైళ్లు పరుగెత్తే పట్టాల్లో సింహభాగం భిలాయ్ ఉక్కు కర్మాగారానివే. ఇక్కడి కొత్త మిల్లు 130 మీటర్ల పట్టాను ఒకే ముక్కగా సాగదీస్తుంది. రెండింటిని అతికి 260 మీటర్ల ప్యానెల్‌గా పంపిస్తారు. అంటే రిజర్వేషన్ దొరక్క తలుపు దగ్గర నిలబడి వెళ్లే ప్రయాణికుడి కింద ఉన్న ఇనుము కూడా చాలాసార్లు ఈ ఊరిదే. అందుకేనేమో భిలాయ్‌వాళ్లు సీట్ల గోలను సైతం రైలు భాషలోనే మాట్లాడుకుంటారు. కన్‌ఫర్మ్ అయిందా? ఆర్‌ఏసీలో ఉందా? అసలు చార్టులో పేరుందా?

ఐఐటీల పరిభాషలో మాత్రం వెయిటింగ్ లిస్ట్ అన్న మాట లేదు. అమెరికాలో హార్వర్డ్, స్టాన్‌ఫర్డ్ వంటి విశ్వవిద్యాలయాలు ఏటా కొందరికి అటూ ఇటూ కాని ఉత్తరం రాస్తాయి. మిమ్మల్ని చేర్చుకోవడం లేదు, అలాగని కాదనడమూ లేదు, ఆగండి అని. పిలిచినవాళ్లలో ఎందరు వచ్చి చేరతారో ముందు తెలియదు కనుక ఖాళీలు నింపుకోవడానికి కొందరిని వరండాలో కూర్చోబెట్టడమన్నమాట. ఒక్కో ఏడాది ఆ వరండా నుంచి ఒక్కరినీ లోపలికి పిలవకపోవచ్చు. అయినా అక్కడి కుర్రవాడికి ఒక ఓదార్పు ఉంది. నాకింకా ఆసక్తి ఉంది, ఈమధ్య ఫలానా బహుమతి గెలిచాను అంటూ మరో ఉత్తరం రాసుకోవచ్చు.

మన దగ్గర ఐఐటీలు, ఎన్‌ఐటీల సీట్లను కలిపి పంచే 'జోసా' ఎవరి ఉత్తరమూ చదవదు. దానికి తెలిసినవి ర్యాంకు, కేటగిరీ, విద్యార్థి రాసిచ్చిన కోరికల వరుస. అంతే. 2015 వరకు ఐఐటీలది ఒక దారి, ఎన్‌ఐటీలది ఇంకో దారి. ఒకే విద్యార్థికి రెండు చోట్లా సీటు రావడం, ఒకటి వదిలేయడం, ఆ ఖాళీని నింపే నాథుడు లేకపోవడం మామూలుగా జరిగేది. ఆ ఏడాది రెండింటినీ కలిపారు. వెనకున్న గణితం 1962 నాటిది. డేవిడ్ గేల్, లాయిడ్ షాప్లీ అనే ఇద్దరు రాసిన చిన్న పరిశోధనా పత్రం దానికి మూలం. షాప్లీకి 2012లో ఆల్విన్ రాత్‌తో కలిపి ఆర్థికశాస్త్ర నోబెల్ వచ్చింది. నోబెల్ తెచ్చిన లెక్క భిలాయ్ ముందుగదిలో భోజనం చల్లారబెడుతోందంటే వింతగానే ఉంటుంది.

ఆ లెక్క ప్రకారం సీటు వచ్చినవాడి ముందు మూడు దారులుంటాయి. ఇది చాలు అనుకుంటే 'ఫ్రీజ్'. కాలేజీ ఇదే కానీ ఇంకా మంచి బ్రాంచి కావాలనుకుంటే 'స్లయిడ్'. పైన రాసుకున్నవాటిలో ఏది దొరికినా వెళ్తానంటే 'ఫ్లోట్'. చేతిలో ఉన్నది పోదు, పైది వస్తే మాత్రం కిందది వదలాలి. ఫ్లోట్ అంటే తేలడం. మునగకుండా, ఒడ్డుకు చేరకుండా నెల పైన తేలడమంటే ఏమిటో పద్దెనిమిదేళ్లవాళ్లకు ఇక్కడే తెలిసొస్తుంది. రౌండు రౌండుకూ వాళ్ల ర్యాంకు మారదు. మారేది ముగింపు ర్యాంకు. అదీ పైవాడెవడో తప్పుకుంటేనే. ఎక్కడో ఎవరో తమ సీటు వద్దనుకోవాలి. చివరి రౌండుకు ముందు వరకు వదులుకోవచ్చన్న నిబంధన ఉంది. ఆ తెలియని మనిషి మనసు మారాలని ఇక్కడ దీపం పెడతారు.

అంకెలు చూస్తే ఈ నిరీక్షణ ఎంత పెద్దదో అర్థమవుతుంది. 2025లో జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో రెండు పేపర్లూ రాసినవారు 1,80,422 మంది. అర్హత సాధించినవారు 54,378. దేశంలోని 23 ఐఐటీల్లో ఉన్న సీట్లు 18,160. అంటే 'క్వాలిఫై' అయి, వీధిలో స్వీట్లు పంచినవాళ్లలో 36 వేల మందికి పైగా ఐఐటీ సీటు లేదు. దేశంలోకెల్లా కఠినమైన పరీక్షలో గట్టెక్కామని చెప్పే కాగితం చేతిలో ఉంటుంది. వెళ్లడానికి గేటు ఉండదు. ర్యాంకుల జాబితా మధ్యలో ఒక్క మార్కు తేడాకు వంద మందికి పైగా పేర్లు దొర్లిపోతాయి. ఒక మైనస్ మార్కు, ఒక తొందరపాటు గుర్తు, కంప్యూటర్ సైన్సు కాస్తా కెమికల్ అవుతుంది, లేకపోతే ఏమీ కాదు.

ఇది దేశమంతటి కథే. భిలాయ్‌లో దీనికి ప్రత్యేకమైన బరువు ఎందుకుందో తెలియాలంటే ఊరు పుట్టిన రోజుల్లోకి వెళ్లాలి.

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ ఒప్పందం కుదుర్చుకున్నాయి. పొలాలు, పల్లెలు ఉన్న చోట పదిలక్షల టన్నుల ఉక్కు కర్మాగారానికి ముగ్గు పోశారు. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. కర్మాగారం పక్కనే గీత గీసినట్టు సెక్టార్లు, విశాలమైన సెంట్రల్ ఎవెన్యూ, సెక్టార్ 9లో పెద్దాసుపత్రి, రెండు దేశాల స్నేహానికి గుర్తుగా మైత్రీ బాగ్ వచ్చాయి. పనికి మనుషులు కావాలి. దేశం నలుమూలల నుంచీ వచ్చారు. ఉత్తరాంధ్ర నుంచి మరీ ఎక్కువగా వచ్చారు. రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయ్‌పూర్‌కు ఉన్న రైలు మార్గం శ్రీకాకుళం, విజయనగరం పల్లెలకు భిలాయ్‌ను దగ్గర చేసింది. సొంతగడ్డ మీద ఉక్కు ఫ్యాక్టరీ కోసం తెలుగువాళ్లు 1966లో ఉద్యమించి ప్రాణాలు ధారపోశారు. 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. విశాఖ ఉక్కును జాతికి అంకితం చేసే సరికి 1992 వచ్చింది. ఆ లోపు ఒక తరం మొత్తం భిలాయ్‌లో ఉక్కు పోసి, పిల్లల పెళ్లిళ్లు కూడా చేసేసింది.

అందుకే ఇక్కడ తెలుగు కోసం వెతుక్కోనక్కర్లేదు. ఖుర్సీపార్ సందుల్లో, సెక్టార్ 5 బాలాజీ గుడి మెట్ల మీద, మే నెల ఆవకాయ రోజుల్లో మామిడికాయలు కొట్టించుకునే చోట అది వినిపిస్తూనే ఉంటుంది. ఛత్తీస్‌గఢీ ఇళ్లలో ఎండాకాలం 'బోరే బాసీ' తింటారు. అది మన చద్దన్నానికి అన్నో తమ్ముడో. తాతలకు ఊరు అలవాటు కావడానికి అదీ ఒక కారణమై ఉంటుంది.

ఆ రోజుల్లో దేశం ఉక్కు కర్మాగారాలనూ, ఐఐటీలనూ దాదాపు జంటగా కన్నది. భిలాయ్‌కి సాయపడిన సోవియట్ యూనియనే యునెస్కో ద్వారా 1958లో బొంబాయి ఐఐటీకి అండగా నిలిచింది. రూర్కెలా ఉక్కును కట్టిన పశ్చిమ జర్మనీ 1959లో మద్రాసు ఐఐటీకి చేయూతనిచ్చింది. దుర్గాపూర్‌కు బ్రిటన్, ఢిల్లీ ఐఐటీకీ బ్రిటనే. ఒకే దాత రెండు చేతులతో ఇచ్చిన కానుకలు. అయితే ఆ జంటల్లో ఎక్కడా ఉక్కు, ఐఐటీ ఒకే ఊళ్లో పడలేదు. కొలిమి భిలాయ్‌కి, బడి బొంబాయికి దక్కాయి. కొలిమి దగ్గర పనిచేసే తండ్రి తన కొడుకు ఆ బడిలో చదవాలని కోరుకోవడానికి ఎంతోకాలం పట్టలేదు.

కోరుకోవడానికి తగ్గ సరంజామా కూడా ఊళ్లోనే ఉంది. కర్మాగారం బడులు నడిపింది. సెక్టార్ 10 సీనియర్ సెకండరీ స్కూలు పేరు చెబితే పాత విద్యార్థులు నేటికీ నిటారుగా కూర్చుంటారు. డిప్యూటీ మేనేజర్ కూతురు, క్రేన్ ఆపరేటర్ కొడుకు ఒకే బెంచీ మీద కూర్చునే వీలున్న ఊళ్లు అప్పట్లో దేశంలో ఎన్నో లేవు. ఇళ్లలో ఇంజినీర్లు, లెక్కలు చెప్పగల పొరుగువాళ్లు, సాయంత్రం ఏడు తర్వాత నిశ్శబ్దంగా ఉండే వీధులు. ఐఐటీలకు పిల్లలను పంపే ఊరుగా భిలాయ్‌కి పేరు రావడంలో ఆశ్చర్యం లేదు. సివిక్ సెంటర్, నెహ్రూనగర్ చుట్టుపక్కల కోచింగ్ బోర్డులు మొలిచాయి. రాజస్థాన్‌లోని కోటా కథ కూడా ఇలాగే ఒక ఫ్యాక్టరీ గోడ పక్కన మొదలైంది. అక్కడ జేకే సింథటిక్స్‌లో పనిచేసిన ఇంజినీరు వీకే బన్సల్ ఇంట్లో పాఠాలు చెప్పడంతో అంతా ఆరంభమైంది. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, కోచింగే పరిశ్రమైంది. భిలాయ్‌లో ఫ్యాక్టరీ మూతపడలేదు. కాకపోతే దాని తలుపు సన్నబడింది.

అసలు బరువంతా ఆ సన్నబడడంలోనే ఉంది. 1988 నాటికి కర్మాగారం సామర్థ్యం 40 లక్షల టన్నులకు చేరింది. తర్వాత ఆధునికీకరణతో మరింత పెరిగింది. ఉక్కు పెరుగుతూ పోయింది, పర్మినెంట్ ఉద్యోగాలు తరుగుతూ వచ్చాయి. ఒకప్పుడు చదువు అబ్బకపోతే ఏముంది, ఐటీఐ చేసి ప్లాంటులో దూరతాడులే అన్న మాట ఇళ్లలో ధీమాగా వినిపించేది. ఆ ధీమా పోయింది. కర్మాగారం నడిపిన బడుల్లో చాలా మూతపడ్డాయి. అరవయ్యేళ్లకు తండ్రి రిటైరవుతాడు. క్వార్టర్ విషయం తేల్చుకోవాలి. ఖాళీ చేయాలా, లైసెన్సు మీద ఉండాలా, శ్రీకాకుళంలో కట్టుకున్న రెండు గదులకు వెళ్లిపోవాలా? ఆలస్యంగా పుట్టిన పిల్లలుంటే ఆ ఏడాదే సీటు సంగతి కూడా తేలాలి. ఫోన్ తెర మీద గుండ్రటి గుర్తు తిరుగుతున్నంతసేపూ ఆ ఇంట్లో తిరిగేవి ఈ లెక్కలే.

ఊరి నిరీక్షణ వేరే ఉంది. 2000లో ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. 2008 నుంచి హైదరాబాద్, భువనేశ్వర్, పాట్నా, ఇండోర్ సహా ఎనిమిది కొత్త ఐఐటీలు వచ్చినప్పుడు ఈ రాష్ట్రం పేరు లేదు. 2014 జూలై బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ జమ్మూ, ఛత్తీస్‌గఢ్, గోవా, ఆంధ్రప్రదేశ్, కేరళలకు ఐఐటీలు ప్రకటించారు. ఆంధ్రప్రదేశ్‌ది 2015లో తిరుపతిలో మొదలైంది. ఛత్తీస్‌గఢ్‌ది 2016లో మొదలైంది. పేరు భిలాయ్ ఐఐటీ. నడిచింది మాత్రం రాయ్‌పూర్ శివారు సేజ్‌బహార్‌లోని ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీ ఆవరణలో. ఓనమాలు దిద్దించే బాధ్యత హైదరాబాద్ ఐఐటీకి అప్పగించారు. అప్పటికి ఆ గురువుగారి వయసు ఎనిమిదేళ్లే.

తొలి బ్యాచ్‌కు మూడు బ్రాంచీలు. కంప్యూటర్ సైన్సు, ఎలక్ట్రికల్, మెకానికల్. ఉక్కు ఊరి పేరు పెట్టుకున్న ఐఐటీ మొదటి ఏడు మెటలర్జీ లేకుండా మొదలైందంటే కాలం ఎటు తిరిగిందో చెప్పక్కర్లేదు. ఇదే రాయ్‌పూర్‌లో 1956లో ప్రభుత్వ గనులు, లోహశాస్త్ర కళాశాలకు పునాది వేసింది ఈ ఉక్కు రోజులే. అదే 2005లో ఎన్‌ఐటీ అయింది. ఇప్పుడు సీట్ల జాబితాల్లో చివరి దాకా మిగిలే బ్రాంచీల్లో మెటలర్జీ ఒకటి. ముప్పై ఏళ్లు స్టీల్ మెల్టింగ్ షాపులో చెమట కక్కిన తండ్రి ముందు పిల్లవాడు "మెటలర్జీ ఒచ్చింది నాన్నా" అని దిగాలుగా చెప్పినప్పుడు ఆ తండ్రి ఏమనాలి? కొడుకు మెటలర్జీ చదివితే బాగుండునని ఉంటుంది. పైకి అనేది మాత్రం ఒకటే, ఫ్లోట్ పెట్టు.

2018 జూన్ 14న ప్రధాని నరేంద్ర మోదీ భిలాయ్ వచ్చారు. ఆధునికీకరించిన ఉక్కు కర్మాగారాన్ని జాతికి అంకితం చేశారు. అదే పర్యటనలో ఐఐటీ శాశ్వత ప్రాంగణానికి శంకుస్థాపన చేశారు. 1950ల్లో వేర్వేరు ఊళ్లకు పంపిన కవలలు అరవై ఏళ్ల తర్వాత ఒక వేదిక మీద కలిశాయి. దుర్గ్ జిల్లా కుటేలాభాటా గ్రామం దగ్గర ప్రాంగణం లేచింది. 2024 ఫిబ్రవరి 20న మోదీ జమ్మూ నుంచి దాన్ని ప్రారంభించారు. అదే కార్యక్రమంలో తిరుపతి ఐఐటీ, కర్నూలు ట్రిపుల్ ఐటీడీఎం కూడా ఉన్నాయి. భిలాయ్ ఐఐటీ ఎట్టకేలకు భిలాయ్ పక్కకు చేరింది.

మరి ఊరి పిల్లలకు ఒరిగిందేమిటి? సీట్ల లెక్కలో అయితే ఏమీ లేదు. ఐఐటీల్లో స్థానిక కోటా ఉండదు. కుటేలాభాటా గేటుకు రెండు కిలోమీటర్ల దూరంలో పుట్టిన పిల్లకైనా, కాకినాడలో పుట్టిన పిల్లకైనా వరుస ఒకటే. దసరాకు ఇంటికి నడిచి రాగల దూరంలో సీటు కావాలని అడిగే గడి ఆ ఫారంలో లేదు. సాయంత్రాలు సైకిళ్ల మీద వెళ్లి ఆ గేటును చూసి వచ్చే పిల్లలున్నారు. గేటు దగ్గర, సీటు దూరం.

స్థానికత లెక్కకొచ్చేది ఎన్‌ఐటీల దగ్గర. అక్కడ సగం సీట్లు సొంత రాష్ట్రంవాళ్లవి. భిలాయ్ తెలుగు కుటుంబాలకు ఇందులో ఒక మెలిక ఉంది. సొంత రాష్ట్రం అంటే పుట్టిన ఊరు కాదు, తాతల ఊరు కాదు, ఇంట్లో మాట్లాడే భాష అసలే కాదు. పన్నెండో తరగతి ఎక్కడ పాసైతే అది. ఇంటర్ కోసం హైదరాబాద్ కార్పొరేట్ కాలేజీ హాస్టల్‌కు పంపితే ఆ పిల్లవాడు జోసా దృష్టిలో తెలంగాణవాడు. అతనికి వరంగల్ ఎన్‌ఐటీలో సొంత కోటా, రాయ్‌పూర్‌లో పరాయి కోటా. విజయవాడకు పంపితే తాడేపల్లిగూడెం సొంతమవుతుంది. సెక్టార్ 10లోనే చదివిన చెల్లెలికి రాయ్‌పూర్ సొంతం. ఒకే ఇంట్లో, ఒకే రేషన్ కార్డు మీద అన్నది ఒక రాష్ట్రం, చెల్లెలిది మరో రాష్ట్రం కావచ్చు. పదో తరగతి అయిన ఎండాకాలంలో, పిల్లవాడికి పదిహేనో పదహారో ఏళ్లప్పుడు తీసుకున్న నిర్ణయం రెండేళ్ల తర్వాత ఏ క్యూలో నిలబెడుతుందో చాలామంది తల్లిదండ్రులకు అప్పుడు తట్టదు. మూడు తరాలుగా ఛత్తీస్‌గఢ్‌లో ఉన్న కుటుంబం తన పిల్లవాణ్ణి తెలుగు రాష్ట్రానికి 'తిరిగి' పంపితే జరిగేది ఇదీ. దీనికి పెద్దలెవరూ నోరు విప్పి తప్పొప్పుకోరు. భోజనాల దగ్గర ఎవరో ఒకరు గుర్తు చేస్తారు, ఇంకొకరు మంచినీళ్లకని లేచిపోతారు.

రౌండ్లన్నీ అయిపోయినా తేలని పిల్లలకు ఊళ్లో దొరికే సలహా డ్రాప్. తెలుగు రాష్ట్రాల్లో దీన్నే లాంగ్‌టర్మ్ అంటారు. ఒక ఏడాది వదిలేసి మళ్లీ రాయడం. అయితే అదీ ఎంతకాలమో వీల్లేదు. అడ్వాన్స్‌డ్‌కు వరుసగా రెండేళ్లలో రెండు ప్రయత్నాలే. ఒకసారి ఐఐటీ సీటు తీసుకుని చేరితే మళ్లీ రాయడానికి లేదు. అందుకని నచ్చని సీటు వచ్చినవాడి కష్టం, సీటు రానివాడి కష్టం కంటే కొన్నిసార్లు పెద్దది. తీసుకుంటే తలుపు మూసుకుంటుంది. వదిలేస్తే ఉన్నదీ పోతుంది.

ఈ రెండు ప్రయత్నాల నిబంధన ఎంతమందిని ఊపేసిందో 2024 నవంబరులో బయటపడింది. ఆ నెల 5న మూడు ప్రయత్నాలకు అవకాశమిస్తున్నట్టు ప్రకటన వచ్చింది. దాన్ని నమ్మి కొందరు చేరిన కాలేజీలు మానేశారు. 18న నిర్ణయం వెనక్కి తీసుకున్నారు. వ్యవహారం సుప్రీంకోర్టుకెక్కింది. ఆ పధ్నాలుగు రోజుల మధ్య చదువు మానేసినవాళ్లకు పరీక్ష రాసే అవకాశం ఇవ్వాలని 2025 జనవరి 10న కోర్టు చెప్పింది. రెండు వారాల ఆశ కోసం ఉన్న సీటు వదులుకున్నవాళ్లను తెలివితక్కువవాళ్లనడం తేలిక. ఫ్లోట్‌లో నెల గడిపినవాళ్లు అలా అనరు.

పక్కదారులు లేకపోలేదు. దుర్గ్‌లో 1986 నుంచి ఉన్న భిలాయ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఎన్నో ఇళ్లకు ఆపద్ధర్మం. ఇంటి తిండి తింటూ, తండ్రి స్కూటర్ మీద వెళ్లి చదువుకున్నవాళ్లు చాలామందే ఉంటారు. అడ్వాన్స్‌డ్ ర్యాంకుతోనే చేర్చుకునే పెట్రోలియం సంస్థ విశాఖపట్నంలో ఉంది. ఉత్తరాంధ్ర మూలాలున్న ఇళ్లలో ఆ పేరు కాస్త ఆశగానే వినిపిస్తుంది. అమ్మమ్మ ఊరు దగ్గరే కదా అని.

టౌన్‌షిప్ ప్రహరీ దాటితే కథ రంగు మారుతుంది. ఈ కర్మాగారానికి భూములిచ్చిన పల్లెలు, రాజ్‌హరా కొండల్లో ఇనుప రాయి తవ్విన కూలీలు, చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు మీద పనిచేసినవాళ్లు. పర్మినెంట్ కావడం కోసం వాళ్లు నిలబడిన క్యూ ఐఐటీ క్యూ కంటే పాతది, పొడుగైనది. వాళ్లను కూడగట్టిన శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న పవర్‌హౌస్ రైల్వే స్టేషన్ దగ్గర పట్టాల మీద బైఠాయించిన కార్మికులపై పోలీసులు కాల్పులు జరిపారు. ఎందరో చనిపోయారు. ఆ ఇళ్ల పిల్లల్లో అత్యధికులకు ఫ్లోట్, స్లయిడ్ అన్న మాటలే అందలేదు. వెయిటింగ్ లిస్టులో ఉండడానికి కూడా ముందు టికెట్ కొనాలి కదా. విశాఖ ఉక్కుకు భూములిచ్చి, ఆర్ కార్డులు చేతబట్టుకుని ఉద్యోగాల కోసం ఏళ్లూ పూళ్లూ ఎదురుచూసిన నిర్వాసితుల సంగతి తెలిసిన తెలుగు పాఠకులకు ఇది కొత్తగా అనిపించదు.

ఇటీవలి కాలంలో కొంత కదలిక ఉంది. మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల పిల్లల కోసం ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2010లో రాయ్‌పూర్‌లో 'ప్రయాస్' ఆశ్రమ పాఠశాల మొదలుపెట్టింది. తర్వాత దుర్గ్ సహా మరికొన్ని చోట్ల వచ్చాయి. అక్కడి నుంచి ఐఐటీలకు, ఎన్‌ఐటీలకు వెళ్లినవాళ్లున్నారు. ఐఐటీల్లోనే ప్రిపరేటరీ కోర్సు అని మరొకటుంది. ఎస్సీ, ఎస్టీ, వికలాంగుల సీట్లు మిగిలిపోతే, కటాఫ్‌కు కాస్త దిగువన ఆగినవాళ్లను తీసుకుని ఏడాది పాటు చదివిస్తారు. గట్టెక్కితే మరుసటి ఏడు మళ్లీ ప్రవేశ పరీక్ష లేకుండానే బీటెక్‌లోకి పంపిస్తారు. నిరీక్షణను చదువుగా మార్చిన ఏర్పాటు ఈ మొత్తం వ్యవస్థలో ఇదొక్కటే. మిగతావాళ్లకు ఆ ఏడాది కోచింగ్ సెంటర్‌లో గడుస్తుంది, ఫీజు కట్టి.

జూలై చివరికి దుర్గ్ స్టేషన్ ప్లాట్‌ఫారాల మీద కొత్త సూట్‌కేసులు కనిపిస్తాయి. నాగపూర్ వైపు, హౌరా వైపు పిల్లలు వెళ్లిపోతుంటారు. 2024 సెప్టెంబరు నుంచి పొద్దున్నే విశాఖకు వందే భారత్ కూడా ఉంది. తాతలు ఏ దారిన వచ్చారో ఆ దారినే, రాయగడ కొండల మీదుగా, ఏసీలో. సాగనంపడానికి వచ్చిన తండ్రులు పట్టా పక్కగా నడుస్తూ అలవాటు కొద్దీ దాని మీద అచ్చుపోసిన అక్షరాలు చూస్తారు. ఎక్కడ, ఏ ఏడు చేసిందో పట్టా నడుము మీద రాసి ఉంటుంది.

సాగనంపి వచ్చిన పొరుగువాళ్లు గేటు తీస్తుంటే, పక్క క్వార్టర్ ముందుగదిలో లైటు ఇంకా వెలుగుతూనే ఉంటుంది. జోసా రౌండ్లు ముగిశాయి. ఎన్‌ఐటీల్లో మిగిలిన ఖాళీలకు సీఎస్‌ఏబీ ప్రత్యేక రౌండ్లు మొదలవుతున్నాయి. మళ్లీ రిజిస్టరు కావాలి, కోరికల వరుస మళ్లీ రాయాలి. తండ్రి కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుతున్నాడు. ఈసారి మెటలర్జీని ఎన్నో నంబరులో పెట్టాలన్న దగ్గర ఇద్దరూ ఆగారు.